నాచు, ఫెర్న్, సైకస్, సరుగుడు: మొక్కల గుంపుల్ని కొండ మీద విడదీసి చూపించడం ఎలా

మాస్టారూ, మీరు అడిగినవి మూడు. పర్లాకిమిడి నుంచి తొమ్మిదో తరగతి పిల్లల్ని వానలు తగ్గాక మహేంద్రగిరి తీసుకెళ్తే పాఠంలోని ఐదు గుంపులూ, అంటే శైవలాలు, బ్రయోఫైట్లు, టెరిడోఫైట్లు, వివృతబీజాలు, ఆవృతబీజాలు, అక్కడ చూపించొచ్చా అన్నది ఒకటి. గోపాలపూర్ తీరంలో చూసిన సరుగుడు పైన్ జాతేనా, సంతలో అమ్మే సునుసునియా శాగ ఏ గుంపు అన్నది రెండోది. పిల్లలు తికమకపడకుండా గుర్తుపట్టే పద్ధతి ఏదైనా ఉందా అన్నది మూడోది. మూడోదానితో మొదలుపెడతాను. అది తేలితే మిగతా రెండూ వాటంతటవే తేలతాయి.

ఆకు ఆకారం చూసి గుంపు చెప్పే అలవాటు మాన్పించండి. తప్పులన్నీ అక్కడే పుడతాయి. మొక్కని మూడు ప్రశ్నలు ఇదే వరసలో అడగాలి. లోపల నీటి గొట్టాలున్నాయా? సంతతిని సిద్ధబీజంతో (స్పోరుతో) పంపుతోందా, విత్తనంతోనా? విత్తనమే అయితే అది కాయలో మూసి ఉందా, పొలుసు మీద బయటికి ఉందా? మొదటిదానికి ‘లేవు’ అంటే శైవలం లేదా బ్రయోఫైటు. గొట్టాలుండి విత్తనం లేకపోతే టెరిడోఫైటు. విత్తనం బయటికి ఉంటే వివృతబీజం, మూసి ఉంటే ఆవృతబీజం. ఈ ప్రశ్నల వెనక ఉన్నది ఒకటే సంగతి: నీళ్ల మీద ఆధారపడటం ఆ మొక్క ఎంతవరకు తగ్గించుకుంది అన్నది.

అంతకుముందు ఒక పదాన్ని సరిచేయాలి. మనవాళ్లు ‘నాచు’, ‘పాచి’ అని దేన్నిబడితే దాన్ని పిలుస్తారు. చెరువులో జుట్టులా తేలే పచ్చ పోగు నిజంగానే శైవలం. వానాకాలం డాబా మీద కాలు జార్చే నల్లటి జిగురు చాలావరకు సయనోబాక్టీరియా, అంటే మొక్కే కాదు. పిట్టగోడ మీద మఖమల్ గుడ్డలా పరుచుకునేది మాస్, అది బ్రయోఫైటు. చేపల తొట్టిలో వేసే హైడ్రిల్లా పువ్వు పూసే ఆవృతబీజం. మసాలా దుకాణంలో దొరికే రాతిపువ్వు పువ్వూ కాదు, మొక్కా కాదు. శిలీంధ్రమూ శైవలమూ కలిసి కాపురం చేసే లైకెన్ అది. ఈ ఐదింటినీ ఐదు సీసాల్లో పెట్టి ప్రయాణానికి ముందు రోజే బల్ల మీద ఉంచండి. సగం పాఠం అక్కడే అయిపోతుంది.

శైవలాల్లో ఒక్కటే ఆగి చూడదగింది కారా. వరి మడుల్లో, నిలవ నీటి గుంటల్లో అడుగున పెరుగుతుంది. కణుపు కణుపుకీ చుట్టూ కొమ్మలుండటంతో హైడ్రిల్లా అనుకుంటారు. వేళ్ల మధ్య నలిపితే సున్నం వల్ల గరగరలాడుతుంది, వెల్లుల్లిని పోలిన వాసన వస్తుంది. హైడ్రిల్లా ఆకుకి నడిమి ఈనె కనిపిస్తుంది, కారాకి ఈనె ఉండదు. కారా కణుపుల దగ్గర ఆవగింజకన్నా చిన్న నారింజ రంగు గుండ్లు ఉంటే అవి పురుష బీజాశయాలు. నేల మీది మొక్కలన్నిటికీ దగ్గరి చుట్టాలు ఈ వైపు ఆకుపచ్చ శైవలాలే. చిలిక సరస్సుకు కూడా వెళ్తున్నారంటే అక్కడ ఇదే తమాషా ఇంకో రూపంలో ఉంటుంది. గ్రాసిలేరియా ఎర్ర శైవలం. దాని పక్కనే పెరిగే హాలోఫిలా, హాలోడ్యూల్ సముద్రపు గడ్డి జాతులు, నీటి అడుగునే పువ్వు పూసే ఏకదళబీజాలు. వేళ్లు, ఈనెలు ఉంటే గడ్డి. పట్టు కోసం అడుగున ఒక బిళ్ల మాత్రం ఉంటే శైవలం.

బ్రయోఫైట్లకి ఆగస్టు నుంచి అక్టోబరు మంచి కాలం. మూడు రకాలున్నాయి, మూడూ వేరు వేరు వంశాలు. లివర్‌వర్ట్ నేలకి అంటుకుని రెండుగా చీలుతూ పోయే పచ్చ రేకు. పొలం గట్టు మీద రోజా పువ్వులా పరుచుకునే చిన్నది రిక్సియా, కొండ నీడలో తడి రాయి మీద పెద్దగా పెరిగేది మార్కాన్షియా. దీని మీద చిన్న గిన్నెలుంటాయి. వాన చినుకు ఆ గిన్నెలో పడితే లోపలి పచ్చ పలుకులు దూరంగా ఎగిరిపడి కొత్త మొక్కలవుతాయి. పిల్లలకి నీటి చుక్క వేసి చూపించండి. హార్న్‌వర్ట్ కూడా రేకులాగే ఉంటుంది కానీ దాని మీద సన్నటి పచ్చ కొమ్ములు నిలబడతాయి. కొమ్ము అడుగు నుంచి పెరుగుతూ పోతుంది, కొన నుంచి చీలుతుంది. రేకుని వెలుగుకి పట్టుకుంటే నీలిపచ్చ మచ్చలు కనిపిస్తాయి. అవి లోపల కాపురం పెట్టిన నాస్టాక్ అనే సయనోబాక్టీరియా.

మాస్‌లో మాత్రం ఆకుల్లాంటివి, కాండంలాంటిది ఉంటాయి. అసలు వేరు ఉండదు, పట్టు కోసం పోగులు మాత్రమే. పైన సన్నటి కాడ, దాని చివర మూతపెట్టిన బుడ్డి కనిపిస్తే అదే సిద్ధబీజదం, అంటే సిద్ధబీజాలు చేసే తరం. పచ్చటి మొక్కలో ఒక జత క్రోమోజోముల్లో సగమే ఉంటుంది, బుడ్డీ కాడా మాత్రం పూర్తి జతతో ఉంటాయి. బుడ్డి తల్లి మొక్క మీదే ఆధారపడి బతుకుతుంది. ఫెర్న్‌లో ఇది తిరగబడుతుంది, ఆ సంగతి కింద చెప్తాను. ఈ తరాల మార్పిడిని 1851లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త హాఫ్‌మైస్టర్ స్పష్టంగా చూపించాడు. మొక్కల గుంపుల మధ్య అసలు తేడా పట్టుబడింది అప్పటి నుంచే. ఫ్యునేరియా అనే మాస్ బుడ్డి మూత ఊడిపోతే అంచున పళ్లు కనిపిస్తాయి. భూతద్దం కింద పెట్టి మెల్లిగా ఊపిరి వదలండి. తేమకి పళ్లు కదులుతాయి.

మాస్ ఎందుకు ఎత్తు పెరగదంటే, గొట్టాల గోడల్ని గట్టిపరిచే లిగ్నిన్ దానికి లేదు. ప్రపంచంలో అతి పొడవైన మాస్‌లలో ఒకటైన డాసోనియా కూడా అర మీటరు దాటి పెద్దగా పోదు. దీన్ని ఎర్ర సిరాతో చూపిద్దామనుకుంటారు చాలామంది, అక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. మాస్‌ని సిరాలో పెడితే అది కూడా ఎర్రబడుతుంది, పిల్లలు ‘గొట్టాలున్నాయి సార్’ అంటారు. మాస్ సిరాని బయట ఆకుల సందుల్లోంచి, ఒత్తి నూనె పీల్చినట్టు పైకి లాగుతుంది. అడ్డంగా కోసి చూడాలి. మాస్‌లో రంగు బయట అంచున ఉంటుంది. కాశీతుమ్మ కాండంలో లోపల వలయంగా విడివిడి చుక్కలు కనిపిస్తాయి. కాశీతుమ్మకే వెళ్లండి, దాని కాండం పారదర్శకంగా ఉంటుంది. ఒక గ్లాసు నీళ్లకి రెండు చెంచాల సిరా చాలు. కాండాన్ని నీళ్లలో ముంచి ఉంచే కోయాలి, గాలిలో కోస్తే గొట్టంలోకి గాలిబుడగ దూరి సిరా ఎక్కదు. ఎండలో గంటలోపే రంగు కనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజున, గదిలో పెట్టినప్పుడు ఏమీ జరగకపోవచ్చు. ఆకులు నీరు ఆవిరి చేస్తేనే కింద నుంచి లాగుడు ఉంటుంది.

ఇక టెరిడోఫైట్లు. ఇవి ఒకటే గుంపు కాదని ముందే చెప్పండి. సెలాజినెల్లా, లైకోపోడియం ఒక వంశం, ఫెర్న్‌లూ ఈక్విసెటమూ ఇంకో వంశం. పాఠ్యపుస్తకం వీటిని కలిపింది, ఎందుకంటే రెండిట్లోనూ గొట్టాలున్నాయి, విత్తనం లేదు. ఎండిపోయి ముడుచుకుని నీళ్లు పోస్తే విచ్చుకునే సెలాజినెల్లా బ్రయోప్టెరిస్‌ని సంతల్లో సంజీవని అని అమ్ముతారు. విచ్చుకోవడం చూసి బతికుందని నమ్మకండి. చచ్చిన మొక్క కూడా తడికి తెరుచుకుంటుంది, అది కణజాలం ఉబ్బడమే. తిరిగి పచ్చబడితేనే ప్రాణం ఉన్నట్టు.

సునుసునియా శాగ సంగతికి వస్తే, అది ఫెర్న్. మార్సీలియా. మీ ఊళ్లో చెరువు గట్టున నాలుగు ఆకులతో కనిపించేది, మన పులిచింతకి అన్నదమ్ముల్లా ఉంటుంది గానీ చుట్టరికం లేదు. పులిచింతకి ఆకురెక్కలు మూడు, రుచి పులుపు, అయిదు రేకుల పసుపు పువ్వు. మార్సీలియాకి నాలుగు, పులుపు లేదు, పువ్వు లేదు. లేత ఆకు గడియారం స్ప్రింగులా చుట్టుకుని పుడుతుంది, ఫెర్న్ అనడానికి అదే మొదటి గుర్తు. నీళ్లు ఎండే కాలంలో కాడ మొదట్లో చిన్న చిక్కుడు గింజలా గట్టి బుడ్డలు వస్తాయి. తరగతి గదిలో ఇంతకన్నా మంచి ప్రయోగం లేదు. ముదురు గోధుమ రంగు బుడ్డని తీసుకుని ఒక అంచున బ్లేడుతో చిన్న గాటు పెట్టి సాసరులో నీళ్లలో వేయండి. కొద్దిసేపట్లో బుడ్డ రెండుగా తెరుచుకుని, లోపలి నుంచి జిగురు పురుగులా ఒక తాడు బయటికి పాకి వస్తుంది. దానికి సంచులు వేలాడుతుంటాయి, వాటిలో పెద్ద, చిన్న రెండు సైజుల సిద్ధబీజాలు. ‘ఏమీ కాలేదు’ అని రాసేవాళ్లు రెండు పొరపాట్లలో ఒకటి చేసి ఉంటారు: పచ్చి బుడ్డ తీసుకోవడం, లేదా గాటు పెట్టకపోవడం. గాటు లేకుండా పెంకులోంచి నీరు చొరదు. ఈ పెంకు వల్లే బుడ్డ ఏళ్ల తరబడి ఎండలో పడి ఉన్నా చావదు. వరి మడుల్లో వేసే అజొల్లా కూడా ఫెర్నే. దాని పక్కన తేలే చిటికెడు పచ్చ చుక్కలు, లెమ్నా, ఆవృతబీజం. అంతరతామర, గుర్రపుడెక్క కూడా అంతే. నీళ్ల మీద తేలుతుంది కాబట్టి ఒక గుంపు అనుకోవడానికి లేదు.

నేల ఫెర్న్‌లకి ఆకు వెనక గోధుమ రంగు మచ్చలు చూస్తారు కదా, వాటిని పిల్లలు తెగులు అనుకుంటారు. తెగులు మచ్చ అస్తవ్యస్తంగా ఉంటుంది. ఫెర్న్ మచ్చలు ఈనెల వెంట ఒకే వరసలో, ఒకే సైజులో ఉంటాయి. ఒక్కో మచ్చ సిద్ధబీజాల సంచుల గుంపు. ఆ సంచుల చుట్టూ ఒక వలయం ఉంది, ఆరుతున్న కొద్దీ అది వెనక్కి వంగి ఒక్కసారిగా వదిలి సిద్ధబీజాల్ని విసురుతుంది. ఇంకొక విచిత్రం: గడ్డి నేలల్లో వానాకాలంలో పొట్టిగా పాము నాలుకలా ఒక ఆకుతో వచ్చే ఓఫియోగ్లాసం రెటిక్యులేటంలో ప్రతి కణంలో 1,200కి పైగా క్రోమోజోములు లెక్కించారు. మనిషికి 46. పెద్దరికానికీ క్రోమోజోముల లెక్కకీ సంబంధం లేదని చెప్పడానికి ఇది చాలు.

వివృతబీజాల దగ్గరే ఎక్కువ తికమక. తూర్పు కనుమల ఒడిశా భాగంలో సహజంగా పెరిగేది సైకస్ స్ఫెరికా. దూరం నుంచి చూస్తే చిట్టీతలా ఉంటుంది. దగ్గరికి వెళ్లి ఒక ఆకురెక్కని వెలుగుకి పట్టండి. సైకస్‌కి ఒకే ఒక్క నడిమి ఈనె, పక్కకి ఏమీ లేదు. చిట్టీతకి పొడుగునా సమాంతరంగా చాలా ఈనెలు, రెక్క మధ్యకి మడిచినట్టుంటుంది, మొదట్లో ముళ్లు. సైకస్ లేత ఆకురెక్క ఫెర్న్‌లా చుట్టుకుని వస్తుంది, అందుకే కొందరు ఫెర్న్ అని రాస్తారు. ఆడ, మగ చెట్లు వేరు. మగచెట్టు నడినెత్తిన పెద్ద శంకువు. ఆడచెట్టు మీద విడివిడి పొలుసులు, వాటి అంచున బాదంకాయల్లా అండాలు బయటే కూర్చుని ఉంటాయి. ‘వివృత’ అన్న మాటకి ఇంతకన్నా మంచి బొమ్మ దొరకదు. వీటికి పుప్పొడి గొట్టం ఉన్నా మగ కణం మాత్రం ఇంకా ఈదుతుంది. 1896లో జపానులో హిరాసే గింకోలో, ఇకెనో సైకస్‌లో దీన్ని చూశారు. విత్తనపు మొక్కకీ ఫెర్న్‌కీ మధ్య తెగని పేగు అది. సైకస్ గింజల్లో సైకాసిన్ అనే విషం ఉంది. అడవివాసులు గింజని కోసి, రోజుల తరబడి నీళ్లు మార్చి నానబెట్టి గానీ తినరు. పిల్లలు నోట పెట్టకుండా చూసుకోండి.

ఇంకొక మొక్క నీటమ్ యులా. పెద్ద తీగ, వెడల్పాటి జత ఆకులు, వల ఈనెలు, గుత్తులుగా పండ్లు. చూస్తే ఆవృతబీజమని ఎవరైనా సంతకం పెట్టేస్తారు. అది వివృతబీజం. ఆ ‘పండు’ పండు కాదు, కండ పట్టిన విత్తనమే. లేత అండాన్ని తీసుకుంటే చివర సన్నటి గొట్టం బయటికి పొడుచుకు వస్తుంది, అది అండపు రంధ్రం. పుప్పొడి నేరుగా అందులో పడుతుంది. కీలాగ్రం అనే భాగం అసలు లేదు.

సరుగుడు దీనికి పూర్తిగా వ్యతిరేకం. పైన్ కాదు, నూటికి నూరుపాళ్లు ఆవృతబీజం, ద్విదళబీజం. మీరు సూది ఆకు అనుకునేది పచ్చని కొమ్మ. దాన్ని కణుపు దగ్గర లాగితే ఊడొస్తుంది. ఆ కణుపు చుట్టూ ఆరు నుంచి ఎనిమిది పళ్లు, అవే ఆకులు. ఈక్విసెటానికీ ఇలాగే పళ్లుంటాయి, దాని పేరు మీదే సరుగుడుకి ఈక్విసెటిఫోలియా అని పెట్టారు. కొండవాగుల ఇసుక ఒడ్డున ఈక్విసెటం దొరికితే రెండూ పక్కపక్కన పెట్టండి. ఈక్విసెటం కాండం బోలు, ఇసుక కాగితంలా గరుకు, కొనన సిద్ధబీజాల శంకువు. సరుగుడుకి ఎర్రటి కుచ్చులా ఆడపూలు, తర్వాత చెక్కబొండులా కాయల గుత్తి. ఆ బొండు విప్పితే రెక్క ఉన్న చిన్న కాయలు రాలతాయి, ప్రతి కాయలో ఒక గింజ. అసలు పైన్ బొండులో గింజ పొలుసు మీదే ఉంటుంది, కాయ అనే గోడ ఉండదు. తేడా అంతా ఆ గోడ దగ్గరే.

ఆవృతబీజాలు మూడు లక్షల జాతుల పైమాటే, మీరు ఎక్కడ నిల్చున్నా చుట్టూ అవే. వెదురు, మర్రి, మేడి లాంటివి ‘పువ్వు లేని చెట్లు’ అని పిల్లలు రాస్తారు. మేడిపండు కోసి చూపించండి, లోపలంతా పువ్వులే. వెదురు దశాబ్దాలకొకసారి పూస్తుంది, అంతే. వీటికి ప్రత్యేకమైనది ద్విఫలదీకరణ. ఒక మగ కణం పిండాన్ని చేస్తే, రెండోది పిండానికి తిండి, అంటే అంకురచ్ఛదాన్ని మొదలుపెడుతుంది. దీన్ని 1898లో నవాషిన్ కనిపెట్టాడు. అన్నంగా తినే బియ్యంలో దాదాపు అంతా ఈ తిండే. కొబ్బరి నీళ్లు కూడా అదే, ఇంకా గోడలు కట్టుకోని అంకురచ్ఛదం. సైకస్ విత్తనంలో తిండి ఫలదీకరణకి ముందే సిద్ధమవుతుంది. పిండం ఏర్పడకపోతే అదంతా వృథా. ఆవృతబీజం పిండం మొదలయ్యాకే వంట మొదలుపెడుతుంది.

ఏకదళ, ద్విదళ తేడాకి ఈనె, రేకుల లెక్క చాలని పాఠం చెబుతుంది. చాలవు. చేమ, పెండలం ఆకుల్లో వల ఈనెలు కనిపిస్తాయి, అయినా ఏకదళాలే. కర్రపెండలం పేరులో పెండలం ఉన్నా ద్విదళం. సీతాఫలం పువ్వులో మూడు రేకులు, అయినా ఏకదళం కాదు. అసలు ద్విదళం అన్నది ఒక్క వంశం కాదని ఇప్పుడు తెలుసు. సీతాఫలం, మిరియం, తమలపాకు పాత కాలపు మాగ్నోలియా వైపువి. కలువ ఇంకా ముందే విడిపోయింది. తామర మాత్రం నిజమైన ద్విదళ వంశంలోనిది. కలువకీ తామరకీ నీళ్లు తప్ప ఉమ్మడి ఏదీ లేదు. అనుమానం వస్తే కాండం అడ్డంగా కోయండి, నాళికాపుంజాలు, అంటే గొట్టాల కట్టలు, చెల్లాచెదురుగా ఉంటే సాధారణంగా ఏకదళం, వలయంగా ఉంటే సాధారణంగా కాదు. కలువ, తామర, మిరియం లాంటివాటికి మాత్రం ఈ గుర్తు పనికిరాదు. ఇంకో హెచ్చరిక: బెంథామ్, హుకర్ పద్ధతిలో వివృతబీజాల్ని ద్విదళాలకీ ఏకదళాలకీ మధ్యలో పెట్టారు. ఆ పాత వరస చాలా నోట్సుల్లో ఇంకా తిరుగుతోంది, కాపీ కొట్టొద్దు.

మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తు. ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన కొండ. మొక్కలు పీకకండి, ముఖ్యంగా సైకస్, నీటమ్, ఓఫియోగ్లాసం ముట్టుకోవద్దు. పదింతల భూతద్దం, కొత్త బ్లేడు, తెల్ల కాగితం, పెన్సిలు చాలు. ఫెర్న్ ఆకు ఒక్కటి మాత్రం గట్టు మీద దొరికే మామూలు రకంలోంచి తెచ్చుకోండి, ఇంటి దగ్గర చేసే పని దానితోనే ఉంది.

మచ్చలు ముదురు గోధుమ రంగులో ఉన్న ఆకుని ఎంచుకోవాలి. పచ్చ మచ్చలు పచ్చివి, చెదిరిన దూదిలా ఉన్నవి ఖాళీ అయినవి. వెనక వైపు కిందికి వచ్చేలా కాగితం మీద పెట్టి, పైన ఇంకో కాగితం కప్పి, ఫ్యాన్ ఆపి, 24 గంటలు వదిలేయండి. మర్నాడు కాగితం మీద గోధుమ పొడి కనిపిస్తుంది. అందులో సంచుల పొట్టు కూడా ఉంటుంది. కాగితాన్ని మెల్లిగా వంచి తట్టితే పొట్టు జారిపోతుంది, సిద్ధబీజాలు సన్న ధూళిలా అంటుకుని మిగులుతాయి. జల్లించిన కొబ్బరి పీచు పొడి మీద మరిగే నీళ్లు పోసి చల్లార్చి, ఆ ధూళిని పైన పలచగా చల్లి, గాజు పలక మూసి, ఎండ తగలని వెలుగులో పెట్టండి. మట్టి కప్పకూడదు, వెలుగు తగిలితేనే మొలుస్తాయి. నీళ్లు కాచి చల్లార్చినవే వాడాలి. కుళాయి నీళ్లు పోస్తే శైవలం, మాస్ ముందు పుట్టి ఫెర్న్‌ని మింగేస్తాయి.

రెండు, మూడు వారాలకి పచ్చని పొర, రెండు నెలల ప్రాంతానికి చిటికెన గోరంత హృదయాకారపు రేకులు వస్తాయి. అదే ఫెర్న్‌లో సగం క్రోమోజోముల తరం, మాస్‌లో పచ్చని మొక్క ఎలాగో అలా. పూర్తి జత ఉన్న తరం మీరు తెచ్చిన పెద్ద ఆకు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు: రేకులొచ్చాయి, ఆకు మాత్రం రాదు. కారణం రెండిట్లో ఒకటి. పైనుంచి నీటి పొర లేదు, మగ కణం ఈదడానికి దారి లేదు. అందుకే రేకులు విచ్చుకున్నాక రోజుకోసారి సన్నగా చిలకరించాలి. రెండోది, చాలా ఒత్తుగా చల్లారు. ముందు ముదిరిన రేకులు వదిలే హార్మోను పక్కవాటిని చిన్నగా మగవిగానే ఉంచేస్తుంది చాలా జాతుల్లో, ఆడ భాగం ఏర్పడే రేకులు కరువవుతాయి. అలా అయితే పెద్ద హృదయాల్ని పటకారుతో తీసి వేలెడు దూరంలో విడిగా నాటండి. అక్టోబరులో చల్లితే జనవరి, ఫిబ్రవరి మధ్య ఆ హృదయం చీలిక దగ్గర నుంచి చుట్టుకున్న తొలి ఆకు లేస్తుంది.